ఒకే రేకు మీద అన్ని రంగులూ

రంగుకో రేకు చెక్కి, రంగుకోసారి ప్రెస్సు తిప్పడం శతాబ్దాల నాటి అలవాటు. 1950లలో పారిస్‌లోని ఒక వర్క్‌షాపు ఆ అలవాటును మార్చేసింది. లండన్‌లో పుట్టిన నైరూప్య చిత్రకారుడు హేటర్ ఆ వర్క్‌షాపును నడిపాడు. అక్కడ రేకును శిల్పంలా చెక్కినవాడు చిత్తూరు జిల్లా నందనూరుకు చెందిన కృష్ణారెడ్డి.

నందనూరు కృష్ణారెడ్డి పారిస్, మిలాన్‌లలో నేర్చుకున్నది శిల్పం. పేరు తెచ్చుకున్నది మాత్రం కాగితం మీది అచ్చు చిత్రాలతో. ఆయన 1925 జులై 15న చిత్తూరు సమీపంలోని నందనూరు గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఒకే లోహపు రేకుకు రంగులన్నీ పట్టించి, ప్రెస్సు కింద ఒక్కసారి పంపి రంగుల బొమ్మను రాబట్టే పద్ధతితో ఆయన పేరు ముడిపడి ఉంది. దాన్ని విస్కాసిటీ (ఇంకు చిక్కదనం) ప్రింటింగ్ అంటారు. ప్రింట్‌మేకింగ్ విభాగాలున్న కళాశాలల్లో అది ఇవాళ్టికీ పాఠమే. పాఠం నేర్చుకునే పిల్లల్లో చాలామందికి ఆ పేరు వెనక ఒక తెలుగు ఊరు ఉందని తెలియదు.

శాంతినికేతన్ నుంచి స్లేడ్ దాకా

1941 నుంచి 1946 వరకు కృష్ణారెడ్డి శాంతినికేతన్‌లోని కళాభవన్‌లో చదివారు. గురువు నందలాల్ బోస్. క్విట్ ఇండియా ఉద్యమం, బెంగాల్ కరువు ఆ ఐదేళ్లలోనే వచ్చాయి. కళాభవన్ చదువులో ప్రకృతి పరిశీలనది పెద్దపీట. ఆకును చూసి ఆకును దించడంతో పని అయిపోదు. అది కొమ్మలోంచి ఎలా పొడుచుకొచ్చిందో, ఏ వైపు ఒత్తిడికి ఒంగిందో పట్టుకోవాలి. తర్వాత యాభై ఏళ్లపాటు ఆయన చేసిన ప్రింట్లలో చేప, పురుగు, కలువ, సీతాకోకచిలుక, అల, సుడిగుండం పదేపదే రావడానికి మూలం అక్కడే దొరుకుతుంది.

చదువు అయ్యాక 1947 నుంచి 1949 వరకు మద్రాసు కళాక్షేత్రలో కళా విభాగాన్ని చూసుకున్నారు. శిల్పం మీద మనసు మళ్లింది అప్పుడే. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనల ప్రభావమూ ఆయన మీద బలంగా పడింది. ఆ తర్వాత లండన్ వెళ్లి స్లేడ్ ఆర్ట్ స్కూల్లో చేరారు. హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకున్నారు. రాతిలో బొమ్మతో పాటు బోలును కూడా చెక్కే శిల్పి మూర్. రాయి ఎక్కడ ఉందన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడ లేదన్నదీ అంతే ముఖ్యమన్న దృష్టి ఆయన శిల్పాల్లో కనిపిస్తుంది. లండన్ నుంచి కృష్ణారెడ్డి పారిస్ వెళ్లారు. అక్కడ ఒసిప్ జాడ్కిన్ దగ్గర శిల్పం, స్టాన్లీ విలియం హేటర్ దగ్గర లోహపు రేకు మీద గీతలు చెక్కే ఎన్‌గ్రేవింగ్ రెండూ సాగాయి. 1956-57లో మిలాన్‌లోని బ్రెరా అకాడమీలో మరీనో మరీనీ దగ్గర మళ్లీ శిల్పమే. ఈ వరస గమనించదగ్గది. వెళ్లిన ప్రతిచోటా ఆయన శిల్పం వెంటే పడ్డారు. యూరప్‌లో ప్రింట్ నేర్చుకున్నది ఒక్క హేటర్ దగ్గరే. ఆ ఒక్కటే జీవితమంతా నిలిచిపోయింది.

హేటర్ వర్క్‌షాపు

హేటర్ వర్క్‌షాపుకు అట్లియే 17 అని పేరు. అక్కడ గురువు వేదిక మీద, శిష్యులు నేల మీద అన్న ఏర్పాటు లేదు. పికాసో, మీరో, జాకొమెట్టీ వంటి ఉద్దండులూ, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాళ్లూ అక్కడ పనిచేశారు. ఒకరు కనిపెట్టిన కిటుకు పక్కవాళ్లకు వెంటనే తెలిసిపోయేది. అందుకే అక్కడ పుట్టిన ఏ పద్ధతికైనా ఒక్కరినే కర్తగా నిలబెట్టడం కష్టం.

హేటర్ నేర్పిన మొదటి పాఠం బ్యూరిన్. చతురస్రాకారపు ఉక్కు కడ్డీని ఏటవాలుగా పదును పెట్టి, చెక్క పిడి బిగించిన చిన్న ఉలి అది. పిడి అరచేతిలో ఇముడుతుంది. మొనను రాగి రేకు మీద ఆనించి ముందుకు తోస్తే లోహం సన్నటి చుట్టలుగా లేచి వస్తుంది, వెనక గాడి పడుతుంది. గీత వంపు తిరగాలంటే ఉలిని తిప్పరు. ఉలి పట్టిన చెయ్యి నిలకడగా ఉంటుంది, రెండో చెయ్యి రేకును తిప్పుతుంది. దాంతో బొమ్మకు పైనా కిందా, కుడీ ఎడమా అన్న తేడాలు పోతాయి. గీసేవాడు బొమ్మ బయట నిలబడి చూడటం మానేసి గీతతో పాటే ప్రయాణిస్తాడు. అతివాస్తవికుల సావాసంలో పెరిగిన హేటర్‌కు ఇది ఎంతో ఇష్టమైన సంగతి. ముందుగా అనుకున్న బొమ్మ ఏదీ లేకుండా గీతను పోనిచ్చి, అది ఎక్కడ తేలుతుందో చూడటం ఆయన నైరూప్య కళకు పునాది.

రంగు సమస్య మాత్రం మిగిలే ఉంది. జపాన్ వాళ్లు రంగుకో చెక్క దిమ్మె చెక్కేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో లె బ్లోన్ అనే అచ్చు కళాకారుడు మూడు నాలుగు రేకులతో రంగుల బొమ్మను ఒకదానిపై ఒకటి అచ్చువేశాడు. ఎవరు చేసినా రంగు మారినప్పుడల్లా కాగితాన్ని మళ్లీ అదే చోట వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టాలి. తడి కాగితం ప్రెస్సులో సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, గీతలు పక్కకు జరుగుతాయి. 1946లో హేటర్ 'సేంక్ పెర్సొనాజ్' అనే పెద్ద ప్రింట్‌లో ఒక దారి చూపాడు. గాడుల్లో నల్ల ఇంకు నింపి, రేకు ఉపరితలం మీద సిల్క్‌స్క్రీన్‌తో మరో మూడు రంగులు పరిచి, అంతా కలిపి ఒక్కసారే అచ్చు తీశాడు. తర్వాతి మెట్టు 1950లలో పారిస్‌లో పడింది. అందులో హేటర్‌తో పాటు కృష్ణారెడ్డి, బొంబాయి నుంచి వచ్చిన కైకో మోతీ ఉన్నారు.

నూనె చేసే పని

పద్ధతి ఇలా ఉంటుంది. జింకు లేదా రాగి రేకును యాసిడ్‌తో, ఉలితో, స్క్రేపర్‌తో వేర్వేరు లోతులకు తొలుస్తారు. పని పూర్తయ్యేసరికి రేకు కోనేటి మెట్లలా అంచెలంచెలుగా దిగుతూ కనిపిస్తుంది. ముందుగా చిక్కటి ఇంకును అన్నిటికంటే లోతైన గాడుల్లోకి కూరి, గంజి పెట్టిన పలచని గుడ్డతో పైభాగాన్ని శుభ్రంగా తుడుస్తారు. గాడుల్లోది గాడుల్లోనే ఉంటుంది. ఇది మొదటి రంగు. శతాబ్దాలుగా ఎన్‌గ్రేవింగ్ చేసేవాళ్లందరికీ తెలిసిన పనే.

అసలు విషయం రోలర్ల దగ్గర మొదలవుతుంది. రెండో రంగు ఇంకులో అవిసె నూనె ఎక్కువ కలిపి పలచన చేస్తారు. దాన్ని గట్టి రోలర్‌తో రేకు మీద దొర్లిస్తారు. గట్టి రోలర్ ఒంగదు కాబట్టి ఎత్తుగా ఉన్న భాగాలకే తగులుతుంది, ఆ రంగు అక్కడే అంటుకుంటుంది. మూడో రంగు ఇంకులో నూనె దాదాపు కలపరు. అది జిగురుగా, బిగువుగా ఉంటుంది. దాన్ని మెత్తటి రోలర్‌తో కాస్త అదిమి దొర్లిస్తారు. మెత్తటి రోలర్ రేకు ఒంపులకు తగ్గట్టు ఒదిగి కింది అంచెల్లోకి దిగుతుంది. ఇంకు లేని చోట ఆ బిగువైన రంగు అంటుకుంటుంది. ఇదివరకే నూనె ఇంకు పరుచుకున్న ఎత్తు భాగాల మీద నుంచి అదే రోలర్ పోయినా అక్కడ రంగు నిలవదు. కింద ఉన్న నూనె పొర దాన్ని పట్టనివ్వదు. రెండు రంగులూ ఒకే రేకు మీద, ఒకదాని పక్కన ఒకటి, కలగాపులగం కాకుండా నిలబడిపోతాయి.

వరస మారిస్తే ఫలితమూ మారుతుంది. బిగువు ఇంకు ముందు, నూనె ఇంకు తర్వాత వేస్తే రెండోది మొదటిదాని మీద కూర్చుని మూడో రంగులా కనిపిస్తుంది. నూనె పాలు మారినా, రోలర్ మెత్తదనం మారినా, అదిమే బరువు మారినా అంతే. గది వేడిగా ఉంటే ఇంకు దానంతటదే పలచబడుతుంది. అందుకే ఈ పనిలో ఇంకు కలపడమే సగం విద్య. గాజు పలక మీద కత్తితో ఇంకును నూరుతూ, నూనె చుక్క చుక్కగా పోస్తూ, కత్తి ఎత్తితే ఇంకు ఎంత తీగ సాగి ఎప్పుడు తెగుతోందో చూసుకుంటూ కూర్చోవాలి. ఆ తర్వాత తడిపిన దళసరి కాగితం పరిచి, పైన ఉన్ని గుడ్డలు కప్పి, ప్రెస్సు కింద ఒక్కసారి పంపుతారు. అంతే, పూర్తి బొమ్మ వచ్చేస్తుంది. కాగితాన్ని మళ్లీ అదే చోట కూర్చోబెట్టే బెడద లేదు.

కృష్ణారెడ్డి వాటా ఏమిటి?

ఈ పద్ధతిని కృష్ణారెడ్డి ఒక్కరే కనిపెట్టారని చెప్పే రాతలు మన దగ్గర ఉన్నాయి. అభిమానం అర్థమవుతుంది గానీ ఆ మాట నిలవదు. నూనె గుణాన్ని వాడుకోవడం అట్లియేలో పలువురి చేతుల మీదుగా పండిన విద్య. కృష్ణారెడ్డికి చెందవలసిన ఘనత వేరే చోట ఉంది. తక్కినవాళ్లు ఎక్కువగా రేకును గీతలు గీసే పలకలా చూస్తే, ఆయన దాన్ని పల్చటి శిల్పంగా చూశారు. మెత్తటి రోలర్ ఎంత లోతుకు దిగుతుందో ముందే లెక్క వేసుకుని ఆ లోతుకు లోహాన్ని చెక్కారు. గాడి అంచు నిట్టనిలువుగా ఉండాలా, ఏటవాలుగా ఉండాలా అన్నది ఆయనకు రంగుకు సంబంధించిన ప్రశ్న. నిటారు అంచు దగ్గర రెండు రంగులు కత్తిరించినట్టు వేరవుతాయి. ఏటవాలు అంచు మీద ఒకటి మరొకదానిలోకి జారుకుంటుంది. ఉలులతో పాటు చేతిలో ఇమిడే విద్యుత్ పరికరాలనూ ఆయన వాడారు. చూడగానే రంగుల మాయగా తోచేదంతా నిజానికి శిల్పి చేతి లెక్క.

1963 నాటి 'వర్ల్‌పూల్', అంటే సుడిగుండం, ఈ మాటకు మంచి రుజువు. దూరం నుంచి చూస్తే నీలాలు, ఆకుపచ్చలు నడుమకు లాక్కుపోతున్న ఒకే ఒక ఊపు. దగ్గరికి వెళితే ఆ ఊపు ముక్కలవుతుంది. అంచుల నుంచి నడుమ దాకా వేలకొద్దీ చిన్న చిన్న గాట్లు. ఏ గాటూ పక్కదానితో పూర్తిగా కలవదు. ఒక్కో గాటు అడుగున ఒక రంగు, ఒడ్డున మరొకటి. నీలం పక్కన గోధుమ, దాని పక్కన మళ్లీ నీలం. కంటికి కనిపించే ఊదా ఛాయను ఎవరూ గాజు పలక మీద కలపలేదు, పక్కపక్కన ఉన్న చుక్కలను కన్నే కలుపుకుంది. కాగితాన్ని కాస్త పక్కకు వంచి వెలుతురు అడ్డంగా పడనిస్తే మరో సంగతి తెలుస్తుంది. ప్రెస్సు బరువుకు తడి కాగితం గాడుల్లోకి దిగింది కాబట్టి గాడి ఉన్నచోటల్లా ఉబ్బి ఉంటుంది. రేకులోని లోయలు కాగితం మీద గట్లయ్యాయి. ఎడమది కుడికి వచ్చింది. కళ్లు మూసుకుని వేలితో తడిమినా సుడి తిరిగే దిశ తెలిసేటంత ఎత్తుపల్లాలు అందులో ఉన్నాయి. పుస్తకాల్లో, ఫోన్లలో ఈ బొమ్మను చూసినవాళ్లకు దక్కనిది సరిగ్గా ఇదే. ఫొటోలో రంగు వస్తుంది, కాగితపు ఒళ్లు రాదు. కృష్ణారెడ్డి పని మన దగ్గర అందాల్సినంతగా అందకపోవడానికి ఇదొక కారణమనిపిస్తుంది.

'వర్ల్‌పూల్'ను నైరూప్యం అనాలా? నీటిని చూసినవాడు అందులో నీటిని గుర్తుపడతాడు. నీటి రూపం మాత్రం ఎక్కడా గీసి లేదు. నీటిని లాగే బలం ఒక్కటే ఉంది. 1952 నాటి 'ఫిష్'లో చేప ఒడుపు తెలుస్తుంది, పొలుసులు లెక్కపెట్టలేం. నందలాల్ బోస్ దగ్గర నేర్చిన చూపు, హేటర్ దగ్గర నేర్చిన గీత కలిసి దాన్ని అలా చేశాయి.

వీధి, సర్కస్, న్యూయార్క్

1960ల మధ్యకల్లా కృష్ణారెడ్డి అట్లియే 17 నిర్వహణలో హేటర్‌కు సహచరుడయ్యారు. 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ఏడాదే వచ్చిన ప్రింట్ 'డెమాన్‌స్ట్రేటర్స్'. విడివిడి ముఖాలు ఉండవు. నిలువునా లేచిన సన్నటి మానవాకారాలు ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ ముందుకు వస్తుంటాయి. నినాదం రాసిన అట్ట ఒక్కటీ లేదు. నీటిలోనూ చేపలోనూ వెతికిన బలాన్నే ఆయన ఈసారి మనుషుల గుంపులో పట్టుకున్నారు.

1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1970ల రెండో సగంలో ఆయన న్యూయార్క్ చేరి, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ప్రింట్‌మేకింగ్ బోధిస్తూ అక్కడే స్థిరపడ్డారు. ఆ రోజుల్లో మొదలైన సర్కస్ విదూషకుడి వరస 1980లలో 'గ్రేట్ క్లౌన్' దాకా సాగింది. మధ్యనుంచి కిరణాల్లా విచ్చుకునే ఆ బొమ్మకు రేకు ఒక్కటే. ఇంకుల వరసా నూనె పాలూ మార్చి ఆయన దాని నుంచి ఎన్నో వేర్వేరు బొమ్మలు తీశారు. ఒకదాంట్లో విదూషకుడు వెలుగుతాడు, మరోదాంట్లో చీకట్లోకి జారుకుంటాడు. ఒకేలాంటి కాపీలు తీయడానికే అచ్చు పుట్టిందన్న నమ్మకాన్ని ఆయన అలా పక్కన పెట్టేశారు.

1981లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మ్యూజియం ఆయన కృషి మొత్తంతో పెద్ద ప్రదర్శన పెట్టింది. 1988లో తన పద్ధతినంతా వివరిస్తూ ఆయన రాసిన పుస్తకాన్ని స్టేట్ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ ప్రెస్ ప్రచురించింది. ఏ రోలర్, ఎంత గట్టిది, ఏ ఇంకు ముందు, ఏది తర్వాత అన్న వివరాలన్నీ అందులో దాపరికం లేకుండా చెప్పేశారు. పనితనపు గుట్టును కొడుక్కి మాత్రమే చెప్పే ఆనవాయితీ ఎరిగిన దేశం నుంచి వెళ్లిన మనిషి చేసిన ఈ పనిని ఆయన కళతో సమానంగా గౌరవించాలి. 2016-17లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీల పనిని కలిపి ప్రదర్శించింది. అలీగఢ్‌లో పుట్టిన జరీనా 1960లలో పారిస్ వెళ్లి ఆ వర్క్‌షాపులోనే నేర్చుకున్నారు. గురువు, శిష్యుడు, అదే వర్క్‌షాపులో నేర్చినామె ఒకే గోడ మీద కనిపించిన ఆ ప్రదర్శన నాటికి కృష్ణారెడ్డి ఇంకా ఉన్నారు.

చమురు కంపెనీ నుంచి చిత్రకళకు

ఇంతకీ ఆ వర్క్‌షాపును నడిపిన స్టాన్లీ విలియం హేటర్ 1901 డిసెంబర్ 27న లండన్‌లోని హాక్నీలో చిత్రకారుల కుటుంబంలో పుట్టాడు. చదివింది కింగ్స్ కాలేజీలో రసాయన, భూగర్భ శాస్త్రాలు. 1922 నుంచి 1925 వరకు ఇరాన్‌లోని అబాదాన్‌లో చమురు కంపెనీ ఉద్యోగం చేశాడు. 1926లో పారిస్ చేరి, పోలండ్‌కు చెందిన జోసెఫ్ హెక్ట్ దగ్గర బ్యూరిన్ పట్టడం నేర్చుకున్నాడు. మరుసటి ఏడాదే వర్క్‌షాపు తెరిచాడు. 1933లో దాన్ని కాంపాన్ ప్రెమియర్ వీధిలోని 17వ నంబరు ఇంటికి మార్చడంతో అట్లియే 17 అన్న పేరు స్థిరపడింది. యుద్ధం రావడంతో 1940లో న్యూయార్క్ తరలిపోయాడు. అక్కడి వర్క్‌షాపులో 1944-45లో జాక్సన్ పొలాక్ కూడా రేకులు చెక్కాడు. 1950లో హేటర్ పారిస్ తిరిగి వచ్చి, 1988 మే 4న చనిపోయే దాకా అక్కడే పనిచేశాడు. అలల్లా అల్లుకునే గీతలు, ప్రకాశవంతమైన రంగులు ఆయన చివరి దశ చిత్రాల గుర్తు. రసాయన శాస్త్రం చదివి, చమురు కంపెనీలో పనిచేసినవాడి వర్క్‌షాపులోనే ఇంకుల నూనె గుణం మీద అంత పరిశోధన జరగడం కాకతాళీయం కాకపోవచ్చు.

గుడివాడ నుంచి అదే స్కూలుకు

కృష్ణారెడ్డి తర్వాత స్లేడ్ స్కూలు మెట్లెక్కిన మరో తెలుగువాడు ఎస్.వి. రామారావు. పూర్తి పేరు శిరందాసు వెంకట రామారావు. 1936లో కృష్ణా జిల్లా గుడివాడలో పుట్టారు. మద్రాసు లలితకళల కళాశాలలో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ శిష్యుడు. 1962లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద లండన్ వెళ్లారు. అప్పట్లో స్లేడ్‌కు అధిపతి విలియం కోల్డ్‌స్ట్రీమ్. కొలతలు తీసి మరీ మనిషి రూపాన్ని చిత్రించే ఆయన ఏలుబడిలోని స్కూలు నుంచి రామారావు పూర్తి నైరూప్య చిత్రకారుడిగా బయటికి రావడం విశేషం. తర్వాత అమెరికాలో స్థిరపడ్డారు. 2001లో పద్మశ్రీ అందుకున్నారు.

కృష్ణారెడ్డి రేకును లోతుగా తవ్వితే, రామారావు కాన్వాస్ మీద రంగును పొరలు పొరలుగా పరిచారు. ఇద్దరి ప్రయాణంలోనూ మద్రాసు, లండన్ ఉన్నాయి. ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. తెలుగులో ఇద్దరి గురించీ చదవడానికి దొరికేది మాత్రం చాలా తక్కువ.